డిక్కీ కారు వెళ్లిపోతుంటే

అమెరికాలో సెడాన్ కనుమరుగవుతుంటే నాకు నిజంగా బాధగా ఉంది. మస్టాంగ్ తప్ప దాదాపు అన్ని కార్లనూ అక్కడ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2018లోనే ప్రకటించింది. 2019లో టారస్, 2020లో ఫ్యూజన్ పోయాయి. 2024 చివర్లో షెవర్లే మాలిబూ వంతు వచ్చింది.

జనం ఇష్టపడి పెద్ద బండ్లు కొంటున్నారు, నిజమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం, దిగడం సులువు కూడా. కానీ ఆ ఇష్టానికి చట్టం దన్నుగా నిలిచింది. ఇంధన పొదుపు నిబంధనలు ట్రక్కుల మీద మెతకగా ఉన్నాయి, చాలా ఎస్‌యూవీలు ఆ లెక్కలోకే చేరాయి. లాభం ఎక్కువున్న వైపే కంపెనీలు మళ్లాయి.

నన్ను కలవరపెట్టేది ఆ బండ్ల ముందుభాగం. పెద్ద పికప్ ఎదుట నిలబడితే బానెట్ అంచు మన ఛాతీ దాకా వస్తుంది. దగ్గరగా ఉన్న చిన్నపిల్లాడు డ్రైవరు కంటికి ఆనడు. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు గుద్దితే, ఏటవాలు బానెట్ ఉన్న తక్కువ ఎత్తు కార్లతో పోలిస్తే పాదచారి చనిపోయే ప్రమాదం సుమారు 45 శాతం ఎక్కువని అక్కడి బీమా సంస్థల భద్రతా పరిశోధన 2023లో తేల్చింది.

డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో దిగిన మన పిల్లలెందరికో మొదటి బండి సెకండ్‌హ్యాండ్ క్యామ్రీయో అకార్డో. లక్ష మైళ్లు దాటినా మొరాయించదు. నలుగురు రూమ్మేట్లు, డిక్కీ నిండా ఇండియన్ స్టోర్ బియ్యం బస్తాలు. కొత్త సెడాన్లు తగ్గితే రేపటి పాత సెడాన్లూ తగ్గుతాయి. చేతిలో డబ్బు లేని కుర్రాడు అప్పుడేం కొంటాడు?