తెల్ల రేకు వచ్చేదాకా

"అన్నా, అమెరికా అనుభవాలు ఏమైనా రాసి పంపు" అని క్లబ్బు ఎడిటర్ తమ్ముడు మూడుసార్లు మెసేజ్ పెట్టాడు. నయాగరా గురించి, మంచు గురించి, ఇండియన్ స్టోర్‌లో గోంగూర దొరికిన ఆనందం గురించి మన సీనియర్లు ఇప్పటికే రాసేశారు. నాకు చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. ఒక పాత కారు కింద వెల్లకిలా పడుకుని గడిపిన వేసవి.

క్లీవ్‌లాండ్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు నేనూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ ఒక పెద్దాయన ఇంట్లో పై అంతస్తు అద్దెకి తీసుకున్నాం. ఆయనకి డెబ్భై దాటాయి. ఒక్కరే ఉంటారు. గరాజ్‌లో దుప్పటి కప్పిన కారు ఒకటి ఉండేది. 1966 మోడల్ ఎంజీబీ. ఇంగ్లండ్‌లో ఆబింగ్డన్ అనే ఊళ్ళో 1962 నుంచి 1980 వరకూ తయారైన బండి. రెండు సీట్లు, పైన గుడ్డ టాపు. అది విప్పేస్తే మీద ఆకాశమే.

సెకండ్ సెమిస్టర్ పరీక్షలయ్యాక ఒకరోజు ఆయన అడిగారు. "నువ్వు మెకానికలే కదా, వెల్డింగ్ వచ్చా?"

"వచ్చు" అన్నాను.

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో నేను చేసింది ఒకే ఒక్క బట్ జాయింట్. అదీ సగం ల్యాబ్ అసిస్టెంట్ గారే చేసిపెట్టారు. రికార్డులో పది మార్కులు మాత్రం పూర్తిగా నాకే పడ్డాయి. ఆ ధైర్యంతోనే వచ్చు అన్నాను. ఆయన చేతులు వణుకుతాయి. టార్చ్ పట్టుకోలేరు. చూడ్డానికి, చెప్పడానికి ఆయన, చెయ్యడానికి నేను అని ఒప్పందం.

కార్పెట్ ఎత్తగానే సంగతి అర్థమైంది. డ్రైవర్ కాళ్ళ దగ్గర ఫ్లోరు లేదు. ఉన్నది తారు, ఫైబర్ గుడ్డ, ఎవరో ఎప్పుడో పాత రేకు మీదే రివెట్లు కొట్టి వేసిన ఇంకో రేకు. ఆయన ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి తలుపు కింద ఉండే బాడీ భాగాన్ని, అంటే సిల్‌ని, పొడవమన్నారు. పొడిచాను. పిడి దాకా దిగిపోయింది. పైన పెయింటు మాత్రం చక్కగా మెరుస్తోంది, రెండే రెండు పొక్కులు.

క్లీవ్‌లాండ్‌లో ఏరీ సరస్సు అడుగున ఉప్పు గని ఉంది. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు పోస్తారు. ఆ ఉప్పు నీళ్ళు చక్రాల నుంచి చిమ్మి సిల్ లోపలికి పోతాయి. నీళ్ళు కారిపోవడానికి అడుగున కన్నాలుంటాయి గానీ, అవి బురదతో, ఆకుల చెత్తతో మూసుకుపోతాయి. ఇక లోపల తడి ఆరదు. అందుకే తుప్పు లోపల మొదలై బయటికి వస్తుంది. మనకి పెయింటు మీద పొక్కు కనిపించేసరికి వెనక రేకు ఉండదు.

మామూలు కారైతే ఇది ఇంత పెద్ద విషయం కాదు. టాపు లేని కారుకి ప్రాణం ఆ సిల్‌లోనే ఉంటుంది. ఎంజీబీకి లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. చెప్పుల డబ్బా మూత తీసి రెండు చివరలా పట్టుకుని మెలితిప్పి చూడండి. మూత ఉన్నప్పటి గట్టిదనం ఎటు పోయిందో అనిపిస్తుంది. టాపు లేని కారు మూత లేని డబ్బాయే. ఆ లోటు తీర్చడానికి రెండు పక్కలా సిల్స్‌ని మూసిన గొట్టాల్లా కట్టారు. బయటి రేకు, లోపలి రేకు, మధ్యలో నిలువుగా ఇంకో రేకు, అడుగున కాజిల్ రైల్ అనే పట్టీ. వీటిలో ఒక్క రేకు తుప్పు తిన్నా గొట్టం తెరుచుకున్నట్టే. ఎస్.ఓ.ఎమ్.లో టార్షన్ చాప్టర్ గుర్తుంటే ఈ లెక్క చెయ్యండి. 100 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, రేకు మందం 1.2 మిల్లీమీటర్లు. పొడవునా ఒక్క చీలిక పెడితే మెలితిప్పుడికి దాని గట్టిదనం సుమారు 5,000 వంతులో ఒక వంతుకి పడిపోతుంది. ఇంటర్నల్ పరీక్షలో ఈ లెక్క నేను రైటే చేశాను. అది కారులో ఎక్కడుంటుందో మాత్రం అప్పుడు తెలీదు.

విడి రేకులకి ఇబ్బంది లేదు. ఫ్లోరు, సిల్ రేకులు కొత్తవి దొరుకుతాయి. ఈ కారుకి మొత్తం బాడీనే పాత అచ్చుల మీద 1988 నుంచి మళ్ళీ తయారు చేశారు. అసలు పని కొయ్యడంలో ఉంది. పెద్దాయన పెట్టిన రూల్స్ మూడు. బండిని చక్రాలుండే చోట్ల స్టాండ్ల మీద లెవెల్‌గా నిలబెట్టాలి. తలుపు సందులో అడ్డంగా చదరపు పైపు వెల్డ్ చేసి, ముందు పిల్లర్‌నీ వెనక పిల్లర్‌నీ కదలకుండా బిగించాలి. రెండు పక్కలా ఒకేసారి కొయ్యకూడదు.

ఎడమ పక్కకి మే నెలాఖరు నుంచి జూలై దాకా పట్టింది. స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ ప్రత్యేకమైన డ్రిల్ బిట్‌తో తొలవాలి. వందకి పైనే ఉంటాయి, లెక్కపెట్టడం మానేశాను. కొత్త ఫ్లోరు అంచున వరసగా కన్నాలు పొడిచి, కింద అంచు మీద కూర్చోబెట్టి, ఆ కన్నాల్లోంచి వెల్డ్ నింపుకుంటూ పోవాలి. నా మొదటి ఇరవై వెల్డులూ చీమిడి ముక్కు తుడిచినట్టు ఉన్నాయి. రేకు పల్చన కదా, అర సెకను ఎక్కువైతే బొక్క పడుతుంది, ఆ బొక్క పూడ్చబోతే ఇంకా పెద్దదవుతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మళ్ళీ మధ్యలో ఇంకో చుక్క. ఏకబిగిన లాగితే వేడికి రేకు అప్పడంలా వంకర పోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దీనికోసమే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి.

మన కాలేజీ అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి అన్న గడిలో నేను "బిజినెస్" అని రాశాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పని చేస్తాడు. కార్ల రేకులు కోసి, కొట్టి, వెల్డింగ్ పెట్టి, లప్పం పూసే పని. చిన్నప్పుడు కొన్ని రాత్రులు నాన్న కళ్ళలో ఇసుక పోసినట్టుందని పడుకుంటే, అమ్మ తడిగుడ్డ మడిచి కళ్ళ మీద వేసేది. షాపుకి రానిచ్చేవాడు కాదు. "నువ్వు చదువుకో, ఈ మసి నీకెందుకు" అనేవాడు. ఆ మాట నేను మరీ బాగా విన్నాను. హాస్టల్లో నాలుగేళ్ళు రూమ్మేట్‌కి కూడా చెప్పలేదు. ఆ వేసవిలో ఏం చేస్తున్నావని నాన్న అడిగితే "ఏదో ప్రాజెక్టు నాన్నా" అన్నాను. ఎందుకు దాచానో నాకే సరిగ్గా తెలీదు. ఆయన నన్ను దూరం పెట్టిన పనినే లక్షలు అప్పు చేసి వచ్చి ఇక్కడ చేస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

ఆగస్టు మొదట్లో పెద్దాయన కొలంబస్‌లో కూతురింటికి వెళ్ళారు. "ఆదివారం వస్తా. నేను వచ్చేదాకా కుడి పక్క కొయ్యొద్దు" అన్నారు. ఎడమ పక్క బాగా కుదిరింది కదా, నాకు తల కొంచెం ఎగిరింది. అడ్డం పైపుకి ముక్క చాల్లేదు. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని శుక్రవారం సాయంత్రం గ్రైండర్ పెట్టి కుడి సిల్ కోసేశాను. ఇంకా మంచి రేకు వస్తుందేమో అని లోపలి రేకు కూడా చాలా మేర తీసేశాను. తర్వాత తలుపు మూయబోతే పడలేదు. పైన, వెనక మూలన ఉండాల్సిన సందు పోయి ఇనుముకి ఇనుము ఆనింది.

చూస్తూ నిలబడ్డాను. రెండు చివరలా ఆధారం, మధ్యలో బరువు, పై అంచు కంప్రెషన్‌లో. బోర్డు మీద నేనే గీయగలిగిన బొమ్మ నా కళ్ళ ముందు ఇనుముతో గీసి ఉంది. ఆ బొమ్మ తెలిసినంత మాత్రాన ఇప్పుడేం చెయ్యాలో తెలీలేదు. పెద్దాయన ఆ కారు కొన్నది 1974లో. గరాజ్ గోడ మీద ఆయనా, ఆయన భార్యా అందులో కూర్చున్న ఫోటో ఉంది. దాని వైపు చూడలేకపోయాను.

రాత్రి పదయింది. అక్కడ పొద్దున ఏడున్నర. వీడియో కాల్ చేశాను.

"ఏంట్రా ఈ టైములో? ఒంట్లో బాగానే ఉందా?"

ఏమీ చెప్పకుండా ఫోన్ కెమెరా కారు వైపు తిప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చెప్పులు వేసుకోబోయినవాడు వాటిని వదిలేసి మెట్టు మీద కూర్చున్నాడు.

"బానెట్ లేపి చూపించు" అన్నాడు. ఎందుకో అర్థం కాకపోయినా చూపించాను. "ఇది మన అంబాసిడర్ ఇంజిన్‌లా ఉందేంట్రా!"

నిజమే. పాత అంబాసిడర్‌లో 1489 సీసీ, ఇందులో 1798 సీసీ. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్ ఇంజిన్లే. అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డూ, ఈ ఎంజీ కారూ ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇంటి మీద నాన్న ముప్పై ఏళ్ళు బతికాడు. అంబాసిడర్‌కీ విడిగా ఛాసిస్ ఉండదు.

"తలుపు ఎక్కడ పడుతోంది? పైనా, కిందా?"

"పైన నాన్నా."

"నడుం జారింది. ఏం కాలేదులే, కంగారుపడకు. సీటు కింద అడ్డ పట్టీ ఉంటుంది చూడు, బాగుందా? దాని కింద, కోసిన వైపుకి, చెక్క పెట్టి జాకీ ఆనించు. తలుపు తియ్యకు, ఉండనీ. చుక్క చుక్కగా లేపు."

"ఎన్ని మిల్లీమీటర్లు లేపాలి?"

"అదంతా నాకేం తెలుసురా. తలుపు పడేదాకా."

ఫోన్‌ని పెయింటు డబ్బా మీద ఆనించి జాకీ తిప్పాను. కాస్త లేపడం, తలుపు మూయడం, చూడడం. నాన్న అటునుంచి సందు చూస్తూ "ఇంకొంచెం... ఆగు... దింపు" అంటున్నాడు. నలభై నిమిషాల తర్వాత తలుపు టక్కుమని పడింది. సందు పైనుంచి కిందికి ఒకేలా ఉంది. అప్పుడు రెండు పొట్టి పైపుల్ని అతికి అడ్డం వేయించాడు. తర్వాత నేను కోసిన అంచులు చూపించమన్నాడు.

"ఇంకా నల్లగా ఉందిగా. అక్కడ ఆపితే ఎట్లా? తెల్ల రేకు వచ్చేదాకా కొయ్యాలి. నల్ల దాని మీద వెల్డింగ్ నిలబడదు."

"అలా పోతే చాలా పోతుంది నాన్నా."

"పోనీ. పోయింది ఎప్పుడో పోయింది."

షాపుకి ఆలస్యమవుతోందని అమ్మ వెనక నుంచి కేకేస్తోంది. నాన్న లేవలేదు. "ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు ఇది?" అన్నాడు. మే నుంచి అని చెప్పాను. ఎడమ పక్క వెల్డింగ్ చూపించమన్నాడు. కెమెరా దగ్గరగా పెట్టి, చుక్క చుక్కా చూపించాను. "మొదట్లోవి బాలేదు. తర్వాతవి పర్లేదు" అన్నాడు. బీటెక్ డిస్టింక్షన్‌కి కూడా నేను అంత పొంగిపోలేదు.

ఆదివారం పెద్దాయన రాగానే జరిగింది మొత్తం చెప్పేశాను. ఆయన కోపంగా ఏమీ అనలేదు. వెళ్ళి తలుపు మూడుసార్లు తీసి మూశారు. సందులో వేలు పెట్టి పైనుంచి కిందికి రాసి చూశారు. ఆ రెండు నిమిషాలూ నాకు వైవా కంటే ఘోరం.

"జాకీ సంగతి ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయనేం చేస్తారు?"

మళ్ళీ అదే గడి. ఈసారి గడిలో సరిగ్గా రాశాను. కార్ల రేకు పని చేస్తారని, చేతుల మీద కాలిన మచ్చలు ఉంటాయని, ఇలాంటి కార్లే ముప్పై ఏళ్ళుగా బాగుచేస్తున్నారని చెప్పాను. "మరి ఇన్నాళ్ళూ ఆయన్ని ఎందుకు అడగలేదు?" అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు. రేకు వెతకడానికి వెళ్ళినట్టు బయటికి వెళ్ళిపోయాను.

కుడి పక్క సగంలో ఉండగానే కాలేజీ తెరిచారు. వారాంతాల్లో కొంచెం కొంచెం చేసి డిసెంబరుకి సిల్స్ మూశాం. పెయింటు, గుడ్డ టాపు నా వల్ల కాలేదు. ఉద్యోగం వచ్చి టెక్సస్ వచ్చేశాను. మిగతాది ఆయన ఇంకెవరిచేతో చేయించుకున్నారు.

పోయిన ఏప్రిల్‌లో ఫోటో పంపారు. టాపు విప్పిన కారు, పక్కన తలుపు మీద చెయ్యి వేసుకుని ఆయన. నాన్నకి ఫార్వర్డ్ చేశాను. మధ్యాహ్నం వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల సుత్తి దెబ్బల చప్పుడు.

"సందు బాగుందిరా. సిల్ లోపల మైనం కొట్టించారా లేదా అడుగు. ఆ నీళ్ళు పోయే కన్నాలు మూసుకుపోకుండా చూసుకోమను. చలికాలం మాత్రం బయటికి తియ్యొద్దని చెప్పు."