మిగిల్చి తెచ్చిన ముద్ద



రూతు గ్రంథం రెండవ అధ్యాయంలో ఒక మధ్యాహ్న భోజనం ఉంది. చదివేటప్పుడు మనం త్వరగా దాటిపోతాం. ఈమధ్య నన్ను ఆ భోజనం దగ్గర ఆపింది విజయవాడలోని ఒక శాండ్‌విచ్ కొట్టు.

పని మీద అక్కడికి వెళ్లాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన సంఘపు యౌవనస్థుడు ఒకడు ఫోను చేసి, "అయ్యగారూ, మొదటి జీతం వచ్చిందండి. ఈ పూట మీరు నాతోనే తినాలి" అన్నాడు. బిడ్డ ప్రేమతో పిలిస్తే కాదనలేం కదా. కుర్రాళ్లంతా ఇప్పుడు ఆ కొట్టు గురించే మాట్లాడుకుంటున్నారని అక్కడికే తీసుకెళ్లాడు.

చూడటానికి ఎంతో బాగుంది. తెల్లని గోడలు, వేలాడే పసుపు దీపాలు, ప్లాస్టిక్ తీగలు. తినేవాళ్లకంటే ఫొటోలు తీసుకునేవాళ్లే ఎక్కువ. "ఏం కావాలి?" అని అడిగే మనిషి లేడు. బల్లకు అంటించిన గళ్ల బొమ్మను ఫోనుతో తీస్తే పదార్థాల పట్టీ వచ్చింది. డబ్బు కూడా ఫోనులోనే కట్టాలి. పన్నుతో కలిపి రెండింటికి 798 రూపాయలు. వాళ్లమ్మ మిరపకోతలో ఇంచుమించు రెండు రోజులు వంగితే వచ్చే కూలి అది.

అరగంటకు మా నంబరు పిలిచారు. సోర్‌డో అనే రొట్టె అట. ఈస్టు పొడి వేయకుండా, దాచి ఉంచిన పులిసిన పిండితోనే పొంగించేది. మన బైబిల్లో స్త్రీ మూడు కుంచముల పిండిలో దాచిపెట్టిన పులిసిన పిండి అలాంటిదే కదా అని సంతోషించాను. కానీ కొరికితే పెచ్చు పళ్లకు లొంగలేదు. లోపల ఒక పచ్చని ఆకు, రెండు టమాటా చక్రాలు, తెల్లని సాసు, వెతుక్కుంటే దొరికే కోడిమాంసం పీలికలు. రొట్టె లావు, లోపలిది పలచన. అక్కడ పనిచేసే పిల్లలను నేనేమీ అనను. పొద్దుటినుంచి నిలబడే ఉన్నారు, పాపం.

మావాడు నా ముఖం చూసి, "సరిపోలేదు కదండీ" అని నొచ్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "అమ్మకొకటి పార్సిల్ కట్టిద్దామనుకున్నానండి. ఇంక వద్దులెండి" అన్నాడు. బస్టాండులో అరటిపండ్లు కొని వాళ్లమ్మకిమ్మని నా చేతికిచ్చాడు.

ప్రియులారా, ఆ తిండి బాగాలేకపోవడం నన్ను అంతగా బాధించలేదు. అంత ఖర్చుపెట్టి, అమ్మకు తీసుకెళ్లదగినది అందులో ఏమీ లేకపోయిందే, అదే మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు రూతును చూడండి. మోయాబు నుండి వచ్చిన విధవరాలు. యవల కోతలో పరిగె ఏరుకుంటోంది. అన్నం వేళకు బోయజు ఆమెను దగ్గరకు పిలిచాడు, కోతవాళ్ల పక్కనే కూర్చోనిచ్చాడు. రొట్టె ముక్క, ముంచుకోవడానికి చిరక, వేయించిన గింజలు. శాండ్‌విచ్ కూడా పని మధ్యలో తినేందుకే పుట్టిందంటారు. ఇంగ్లండులో ఒక ప్రభువు బిరుదు దానికి పేరైంది. రూతు తిన్నది కూడా పని మధ్యలోని తిండే. అయినా ఆమె తృప్తిగా తిన్నది, ఇంకా మిగిలింది. ఆ మిగిలినదాన్ని అక్కడే వదిలేయలేదు. సాయంకాలం తూమెడు యవలతో పాటు దాన్నీ తెచ్చి అత్త నయోమి చేతిలో పెట్టింది.

ఆ పొలం బేత్లెహేములోది. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. కరవులో అక్కడినుండి వెళ్లిపోయి, అన్నీ పోగొట్టుకొని, తాను రిక్తురాలినని చెప్పుకున్న నయోమికి మళ్లీ నిండుదనం ఎక్కడ మొదలైంది? కోడలు మిగిల్చి తెచ్చిన ఆ ముద్దతోనే. పొలానికి వెళ్లలేని మనిషి దగ్గరకు పొలంలోని కృప నడిచి వచ్చింది.

మన ఆదివారాలు ఎలా ఉన్నాయి? దీపాలు, సౌండు బాక్సులు, కీబోర్డు అన్నీ అమర్చుకుంటున్నాం. మంచిదే. కానీ మిరపకోతల కాలంలో మన సహోదరీలు సగంమంది కనబడరు. ముఠా ఆటో ఆదివారమని ఆగదు. వెళ్లకపోతే ఆ కూలి పోతుంది. మంచం పట్టిన పెద్దలు మైకులో పాట విని ఇంట్లోనే కళ్లు తుడుచుకుంటారు. ఆరాధన నుండి ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లకోసం మన చేతిలో ఏముంటోంది? "ప్రసంగం బాగుంది" అన్న మాటతో ఎవరి ఆకలీ తీరదు. ఒక్క వాక్యమైనా వాళ్ల మంచం దగ్గర కూర్చుని చదివామా? ఒక్క ప్రార్థన చేశామా?

పట్టణాల్లో ఉన్న బిడ్డలారా, మీరు వెళ్లే పెద్ద మందిరాల్లో పక్కన ఒంటరిగా కూర్చున్నవాడి పేరు అడగండి. పేరు పెట్టి పిలవడమే సగం భోజనం.

వచ్చే మొదటి ఆదివారం మన ప్రేమవిందు. ఈసారి బంతి వేయకముందే క్యారేజీలు నింపుదాం. యౌవనస్థులు వాటిని మంచాన ఉన్నవారి ఇళ్లకు తీసుకెళ్లాలి. కోతకు వెళ్లిన సహోదరీల వంతు సాయంత్రానికి తీసి ఉంచాలి. గిన్నె అడుగున మిగిలినది కాదు, మొదట తీసినది. క్యారేజీతో పాటు ఆ రోజు వాక్యం కూడా తీసుకెళ్లండి.

ప్రార్థన: ప్రభువా, మమ్మును తృప్తిపరచుము. ఇంట ఎదురుచూచువారికి తీసుకొనిపోవుటకు మా చేతులలో కొంత మిగుల్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.