వైశాఖ పౌర్ణమి పాట, మా ఇంటి టీవీలో

వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి. ఎండలు మండిపోయే రోజులు. మా నాయుడుపేట నుంచి, కచేరీలు జరిగే తిరుపతి ఎంతో దూరం కాదు గానీ, మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఆ ఎండలో బస్సెక్కలేదు. ఆమెకు కచేరీ అంటే 2008లో టీటీడీ మొదలుపెట్టిన ఎస్వీబీసీ టీవీ ఛానలే.

రాగిరేకుల మీద చెక్కించిన అన్నమయ్య సంకీర్తనలు శతాబ్దాల పాటు తిరుమల గుడి అరలోనే ఉండిపోయాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు ఎంతో ఓపిగ్గా చదివి పరిష్కరిస్తేనే మన చెవిన పడ్డాయి. ఇప్పుడవి నట్టింట్లోకే వస్తున్నాయి. ఎంత భాగ్యమో!

నాకు మరీ ఇష్టమైనది, కెమెరా మృదంగం దగ్గరికి వెళ్లే క్షణం. ఎడమ మూత మీద తడిపి అద్దిన రవ్వ ముద్ద, అక్కడ చెయ్యి ఒత్తి జరిపితే పలికే గుంకీ. హాల్లో వెనక వరసలో కూర్చుంటే ఇది కనపడదు.

కచేరీలు చూపించే వాళ్లందరికీ ఒక్క మనవి. మృదంగం సొంతంగా మోగే తని ఆవర్తనం నడుస్తున్నంతసేపూ ఆ చేతుల్ని వదలొద్దు. తంబురా శ్రుతి వినపడనివ్వండి. కింద రాగం, తాళం పేర్లు వేయండి, చూసి నేర్చుకునే పిల్లలు మా ఊళ్లోనూ ఉన్నారు.