మాకు వినబడని కీచుశబ్దం



ఒక సంగతి మీతో పంచుకోవాలని కొన్నాళ్లుగా అనుకుంటున్నాము. అది మా తప్పు గురించినది గనుక రాయడానికి ఆలస్యమైంది.

ఎచ్చెర్లలో మన మందిరంలో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతోంది. మౌన ప్రార్థన సమయంలో నాలుగో తరగతి చదివే బాబు ఒకడు రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పిలిచి మందలించాము. "ఏదో కీచుమంటంది అయ్యగారూ" అన్నాడు. మాకైతే ఏ శబ్దమూ లేదు. అల్లరి అనుకున్నాము. వాళ్ల నాయనమ్మ తొడపాశం పెట్టింది. ఆదివారం ఆరాధనలో మళ్లీ అదే పని. మళ్లీ గద్దించాము. ఈసారి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాను అబద్దం సెప్పనేదు అయ్యగారూ" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని మధ్యాహ్నం అన్నం తిననివ్వలేదు. సాయంత్రం వాణ్ణి మందిరానికి పిలిపించి, ఆ శబ్దం ఎక్కడిదో చూపించమన్నాము. నేరుగా వెళ్లి కీబోర్డు అడాప్టర్ దగ్గర నిలబడ్డాడు. మేము చెవి ఆనించి విన్నాము. ఏమీ లేదు. కీబోర్డు వాయించే తమ్ముడికి సన్నగా వినబడిందట. అప్పుడు బాబును గోడవైపు తిప్పి నిలబెట్టి, స్విచ్చు చప్పుడు తెలియకుండా పాట పెట్టి, ఐదుసార్లు వేసి, ఆపి చూశాము. ఐదుసార్లూ సరిగ్గా చెప్పాడు.

శ్రీకాకుళంలో రిపేరు చేసే ఒక సహోదరుడి దగ్గరకు ఆ అడాప్టర్‌ను తీసుకెళ్లాము. ఆయన విప్పి, లోపల ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉండటం చూపించాడు. "ఇలాగే వాడుంటే ఏదో ఒకరోజు కాలిపోయేదండి" అన్నాడు. ఆ శబ్దం ఎందుకు వస్తుందో కూడా ఓపిగ్గా వివరించాడు.

పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరిగితే, లోపలి ఇనుప రేకులు 100 సార్లు అదురుతాయి. అది గుయ్‌మనే మోత, మనందరికీ వినబడుతుంది. ఇప్పటి తేలికపాటి అడాప్టర్లు, ఛార్జర్లు అలా కాదు. అవి కరెంటును సెకనుకు వేలకొద్దీ సార్లు ఆపి వదులుతుంటాయి. ప్రతిసారీ రాగి తీగ చుట్టా, కొన్ని రకాల కెపాసిటర్లూ కంటికి కనబడనంతగా కదులుతాయి. మనిషి చెవికి అందేది సుమారు 20,000 హెర్ట్జ్ వరకే గనుక, అంతకు మించిన వేగమైతే ఎవరికీ వినబడదు. కానీ ఫోను నిండిపోయి లోడు తగ్గినప్పుడు కొన్ని ఛార్జర్లు ఆగి ఆగి పనిచేస్తాయి. అప్పుడు ఆ లయ కిందికి దిగి కీచుమంటుంది. చుట్టను పట్టి ఉంచే జిగురు వదులైనా, భాగాలు పాడైనా శబ్దం పెరగవచ్చు.

మరి మాకెందుకు వినబడలేదు? చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. దాని గుమ్మం దగ్గరి సన్నని కణాలు కీచు శబ్దాలను పట్టుకుంటాయి. వయసుతో ముందు అరిగిపోయేవి అవే. మళ్లీ మొలవవు. నలభై దాటిన మా చెవికి ఆ గుమ్మం మూసుకుపోయింది.

ఒకప్పుడు మాకూ ఆ చెవి ఉండేది. దూరదర్శన్ రోజుల్లో పక్కింట్లో టీవీ వేశారో లేదో వీధరుగు మీద కూర్చునే చెప్పేవాళ్లం, సౌండు పూర్తిగా తగ్గించినా సరే. ఆ పాత టీవీ తెర మీద 625 గీతలు సెకనుకు 25 సార్లు గీయబడేవి, అంటే 15,625 గీతలు. ఆ వేగానికి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా కూసేది. అప్పుడు పెద్దవాళ్లు మమ్మల్ని నమ్మేవారు కాదు. ఆ బాధ మరచిపోయి, ఆ బాబుకు మేమూ అదే చేశాము.

మొదటి సమూయేలు మూడవ అధ్యాయం మనకు తెలిసినదే. పిలుపు బాలుడికి వినబడింది, వృద్ధుడైన ఏలీకి వినబడలేదు. ఏలీ కూడా రెండుసార్లు వెళ్లి పడుకోమన్నాడు. కానీ మూడోసారి గ్రహించాడు. తన చెవికి అందనిది లేనిదని అనలేదు. ఆ బిడ్డ మాట నమ్మి, ఏమి జవాబు చెప్పాలో నేర్పాడు. ఏలీలో తప్పులు చాలా ఉన్నాయి, అయినా ఆ రాత్రి ఆయన చేసిన ఈ ఒక్క పని మాకు బుద్ధి చెప్పింది.

తరువాతి ఆదివారం సంఘమంతటి ఎదుట ఆ బాబును క్షమాపణ అడిగాము. వాడు సిగ్గుపడి నాయనమ్మ కొంగు చాటుకు వెళ్లిపోయాడు.

ప్రియులారా, మీ ఇంట్లో ఛార్జరు కీచుమంటోందని పిల్లలు చెబితే ఒకసారి చూడండి. శబ్దం ఒక్కటే ఉంటే చాలాసార్లు ప్రమాదమేమీ లేదు. వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, ఉబ్బినా వెంటనే తీసేయండి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఫలానా ఇంటికి వెళ్లనని, ఫలానా మనిషి దగ్గర ఉండనని బిడ్డ అంటే, మనకు ఏమీ కనబడలేదని గద్దించకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, ఎక్కడో చూపించమని అడగండి.

మనకు వినబడనిది వినే చిన్నవారిని నమ్మే మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.