మూరెడు రేకు

నాందేడ్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ల ఇళ్లలో రెండు భాషలు పక్కపక్కనే కూర్చుని భోంచేస్తాయి. మేము కల్లం అంటే పక్కింటివాళ్లు ఖళే అంటారు. మేము నూర్పిడి అంటే వాళ్లు మళణీ అంటారు. మన రాశి వాళ్లకు రాస్. మాటలు కాస్త అటూ ఇటూ అయినా కల్లం మీద లేచే దుమ్ము మాత్రం ఒక్కటే. ఆ దుమ్ములో పుట్టి, నూర్పిడి మిషన్లు బాగు చేసే దుకాణంలో ముప్పై అయిదేళ్లు గడిపినవాణ్ణి. అందులో ఒక సంగతి చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నాను. నలుగురికీ పనికొస్తుందనే ఇప్పుడు రాస్తున్నాను.

మా తాతగారిది దెగ్లూరు తాలూకాలో ఒక పల్లె. 1948 వరకు నిజాం రాజ్యం, తర్వాత హైదరాబాదు రాష్ట్రం, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. ఊరు ఉన్నచోటే ఉంది, పేర్లే మారాయి. చిన్నప్పుడు సెలవులకు వెళితే జొన్న కల్లమే మాకు ఆటస్థలం. నేలను నీళ్లతో తడిపి, గట్టి చేసి, పేడతో అలికేవారు. నడుమ ఒక గుంజ పాతి, దానికి నాలుగైదు పశువులను వరసగా కట్టి, కంకుల మీద గుండ్రంగా తిప్పేవారు. దాన్ని మావాళ్లు బంతి అనేవారు. గింజ రాలాక గాలి కోసం ఎదురుచూడాలి. గాలి వస్తే అర్ధరాత్రయినా మా నాయనమ్మ లేచి చాట పట్టుకునేది. ఎత్తు మీద నిలబడి చాటను మెల్లగా వంచితే గింజ కాళ్ల దగ్గర పడేది, పొట్టు దూరంగా పోయేది. గాలి రాకపోతే మూడు రోజులైనా కూర్చోవలసిందే. ఈలోగా మబ్బు పట్టిందంటే పెద్దవాళ్ల ముఖాల్లో రక్తముండేది కాదు.

అందుకే యంత్రం వచ్చి పాత రోజులను పాడు చేసిందని నేననను. నాయనమ్మ నడుము నొప్పి నాకు తెలుసు. కానీ యంత్రం ఒకరి కష్టం తీరుస్తూనే ఇంకొకరి కూడు తీస్తుంది. తూర్పారబట్టే ఆడవాళ్లకు కూలి గింజల్లోనే దొరికేది. మిషన్‌లో ఫ్యాను వచ్చాక ఆ గింజలు పోయాయి. ఇది మన దగ్గరే కాదు. స్కాట్లండులో ఆండ్రూ మీకిల్ అనే మరల పనివాడు 1786 ప్రాంతంలో నూర్పిడి యంత్రం తయారుచేశాడు. చలికాలంలో నూర్పిడి పనే ఆధారంగా బతికే ఇంగ్లండు కూలీలు 1830లో ఊరూరా తిరిగి ఆ యంత్రాలను పగలగొట్టారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా ఊరి చాటలే గుర్తొచ్చాయి.

నేను 1986లో మోంఢా వెనక ఒక లేతు, ఒక వెల్డింగు మిషన్ పెట్టుకుని దుకాణం తెరిచాను. జొన్న నూర్చే మిషన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి ఎక్కువగా వస్తున్నాయి. చూడని పిల్లల కోసం దాని పని నాలుగు మాటల్లో చెబుతాను. లోపల మేకులు బిగించిన డ్రమ్ము తిరుగుతుంది. దాని కింద వంపు తిరిగిన జాలీ ఉంటుంది. కంకి ఆ రెంటి మధ్య నలిగి గింజ కిందికి రాలుతుంది. ఫ్యాను పొట్టును ఊదేస్తుంది. ఊగే జల్లెడల మీద గింజ శుభ్రమై బయటికి వస్తుంది. కంకులను డ్రమ్ము దాకా తోయడానికి పక్కన రేకు దోనె ఒకటి ఉంటుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ దోనె గురించే.

1993లో ఒక మిషన్ యజమాని వచ్చాడు. దోనె పొడుగ్గా ఉండడం వల్ల కంకులు తొందరగా పోవడం లేదు, కొంచెం కోసి పొట్టి చెయ్యమన్నాడు. అద్దె బస్తాల లెక్కన కదా, రాత్రికి ఎన్ని బస్తాలు పడితే అంత డబ్బు. అందరూ చేయించుకునేదే. పావుగంట పని. గీత గీశాను, కోశాను, అంచు నున్నగా చేసి ఇచ్చాను. మిగిలిన రేకు ముక్క గట్టిది, పారేయబుద్ధి కాక లేతు కింద ఇనుప రజను పడే పళ్లెంలాగా పెట్టుకున్నాను.

ఆ పంట కాలంలోనే ఒక రాత్రి, తీగకు వేలాడే ఒక్క బల్బు వెలుగులో, ఆ మిషన్ దగ్గర కంకులు తోస్తున్న కుర్రాడి కుడి చెయ్యి లోపలికి పోయింది. చెయ్యి మణికట్టు దాకా పోయింది. మా దెగ్లూరు వైపు తెలుగు పిల్లవాడే. ఇరవై రెండేళ్లు.

ఆ కబురు నాకు తెలిసింది. వెళ్లి చూడలేదు. నా పని కోయడం, నేను కోశాను, జాగ్రత్తగా ఉండవలసింది వాడు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆరు నెలల తర్వాత అతనే దుకాణానికి వచ్చాడు. చొక్కా చెయ్యి కిందికి దించి, చివర గుండీ పెట్టుకున్నాడు.

"ఆ మిషన్ రేకు మీ దుకాన్లనే కోసిన్రట గదా అన్నా?"

"ఔ తమ్మీ, నేనే కోసిన."

"కోసిన ముక్క ఉన్నదా?"

లేతు కింద చూపించాను. వంగి దాన్ని బయటికి తీశాడు. రజను దులిపాడు. ఎడమ మోచెయ్యి ఒక అంచున ఆనించి, వేళ్లు చాచాడు. వేలి కొసలు సరిగ్గా రెండో అంచుకు తగిలాయి.

"మూరెడున్నది," అన్నాడు. కాసేపాగి, "గింతేనా అన్నా!" అన్నాడు.

అతను కోపంగా అనలేదు. కోపపడితే నేను కూడా ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. ఆ ముక్కను ఉన్నచోటే పెట్టి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఇంటావిడకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "తప్పు ఎవరిదో ఎంచుకుంట కూసుంటే ఆ పిల్లగానికి చెయ్యి వస్తదా? పిలిచి పని ఇయ్యి," అంది. పిలిచాను. వెంటనే రాలేదు. మూడోసారి పిలిస్తే వచ్చాడు.

తర్వాత తెలిసింది. హరిత విప్లవంతో ఉత్తరాదిలో గోధుమ నూర్పిడి మిషన్లు పెరిగి, చేతులు పోగొట్టుకునేవారు ఎక్కువైతే, పార్లమెంటు 1983లోనే ప్రమాదకర యంత్రాల క్రమబద్ధీకరణ చట్టం చేసింది. దోనె కనీసం 90 సెంటీమీటర్ల పొడవుండాలి, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు పైన కప్పు ఉండాలి అని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మన లెక్కలో మొత్తం రెండు మూరలు, కప్పు ఒక మూర. మనిషి చెయ్యి ఎంత దూరం పోగలదో కొలిచి పెట్టిన లెక్క అది. చట్టం వచ్చి పదేళ్లయినా మా వీధిలో ఎవరికీ తెలియదు. నేను కోసింది ఇనుమే అనుకున్నాను.

ఢిల్లీ ఐ.ఐ.టి.లో దినేశ్ మోహన్ అనే ఆచార్యులుండేవారు. 2021లో పోయారు. ఆయనా ఆయన తోటివారూ హర్యానా పల్లెలు తిరిగి, సేద్యపు పనిముట్లతో తగిలే దెబ్బలను పరిశీలించారు. మనిషన్నాక అలసిపోతాడు, నిద్ర తూగుతాడు, పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటుకు చెయ్యి పోకుండా యంత్రాన్నే సరిచేయాలన్నది వారి మాట. ఆ మాట నాకు ముందే తెలిసి ఉంటే అని ఎన్నోసార్లు అనుకున్నాను.

అప్పటినుంచి మా దుకాణంలో దోనె కోయడం మానేశాం. పొట్టి దోనెతో ఏ మిషన్ వచ్చినా మూరెడు రేకు, పైన కప్పు అతికిస్తేనే మిగతా పని ముట్టుకుంటామన్నాం. మొదటి రెండేళ్లు సగం గిరాకీ పక్క దుకాణాలకు పోయింది. అయితే మా తమ్ముడికి, అవును, అతన్ని ఇప్పుడు అలాగే అంటాను, ఒక విద్య పట్టుబడింది. మిషన్ చప్పుడు విని డ్రమ్ము ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పేసేవాడు. ఆ విద్య తర్వాత ఇంకోచోట అక్కరకు వచ్చింది.

2000 తర్వాత మా జిల్లాలో జొన్న తగ్గి సోయాబీన్ పెరిగింది. మిషన్లు మాత్రం పాతవే. జొన్న గింజ గట్టిది, దెబ్బకు ఓర్చుకుంటుంది. సోయా గింజకు పై పొర పలచన, మొలక ఆ పొర కిందే ఉంటుంది. గట్టిగా దెబ్బ తగిలితే పైకి బాగానే కనబడుతుంది గానీ లోపల చచ్చిపోతుంది. నూనె మిల్లుకు అమ్మితే ఎవరికీ తెలియదు. విత్తనానికి దాచుకుంటేనే బయటపడుతుంది.

2020 జూన్‌లో సోయా మొలవలేదని మహారాష్ట్ర అంతటా రైతులు గోలపెట్టారు. సంగతి ఔరంగాబాద్‌లోని హైకోర్టు ధర్మాసనం దాకా వెళ్లింది. 2019 అక్టోబరు వానలకు పంట తడవడం పెద్ద కారణం. బిలోలి దగ్గర మా బావ సొంత గింజలే దాచి విత్తాడు. సగం కూడా మొలవలేదు. ఆ దీపావళికి కొత్త పంట నూరుస్తుంటే తమ్ముణ్ణి తీసుకుని వెళ్లాను. అతను గట్టు మీద నిలబడి విన్నాడు. "అన్నా, ఇది జొన్న చాల్ నడుస్తున్నది," అన్నాడు.

లెక్క వేశాం. ట్రాక్టరు షాఫ్టు నిమిషానికి 540 చుట్లు. దాని పుల్లీ 12 అంగుళాలు, డ్రమ్ము పుల్లీ 9. అంటే డ్రమ్ము 720 చుట్లు తిరుగుతోంది. బాగా ఎండిన సోయా విత్తనానికి 400 దాటకుండా చూసుకోవాలి. డ్రమ్ముకు 16 అంగుళాల పుల్లీ వేస్తే 405కు దిగింది. అయితే ఫ్యాను కూడా ఆ షాఫ్టు నుంచే పట్టాతో తిరుగుతుంది కదా, అదీ నెమ్మదించి గింజలో పొట్టు మిగిలింది. ఫ్యాను పుల్లీ చిన్నది చేసి మళ్లీ వేగం పెంచాం. ఒక రోజు పనికి ఒకటిన్నర రోజు పట్టింది. మా బావ కూలి లెక్క చూసి సణిగాడు.

వేసవిలో వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టమన్నాం. సోయాకు నూటికి 70 మొలిస్తే విత్తనం పనికొచ్చినట్టు. విప్పి చూసిన రోజు మా బావ ఫోను చేసి ఒక్కటే మాట అన్నాడు. "ఆ పుల్లీ నా దగ్గర్నే ఉండనీయండి బావా."

నా అనుభవంలో తేలింది ఇంతే. నూర్పిడి మిషన్‌ను బాగు చేయడమంటే చాలామందికి వేగం పెంచడమే. నేను చేసిన రెండు మంచి పనులూ వేగం తగ్గించేవే. ఒకటి చెయ్యి కాపాడింది, ఒకటి విత్తనం కాపాడింది. ఇప్పుడు పెద్ద పెద్ద హార్వెస్టర్లు వస్తున్నాయి. అయినా చిన్న కమతాల్లో త్రెషర్ ఇంకా తిరుగుతూనే ఉంది.

ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి ఊళ్లో కౌలుకిచ్చిన రెండెకరాలైనా ఉంటాయి. ఈసారి దసరా, దీపావళికి వెళ్లినప్పుడు మిషన్ ఆగి, పట్టా ఊడదీసి ఉండగా దోనెను ఒకసారి కొలవండి. టేపు అక్కర్లేదు, మీ చెయ్యి చాలు. రెండు మూరలు ఉండాలి, అందులో మూరెడు కప్పు కింద ఉండాలి. లేకపోతే రేకు అతికించేదాకా కంకి వేయనివ్వకండి.

దుకాణం ఇప్పుడు తమ్ముడి కొడుకు చూస్తున్నాడు. ఆ పాత ముక్క ఇంకా లేతు కిందే ఉంది. కుర్రవాళ్లు ఎవరైనా తీసి పారేయబోతే తమ్ముడు వద్దంటాడు. ఎందుకో నేను అడగను.