పాత గిటారు – దాని వెల

పాతసొమ్ము వెలకట్టుట గృహిణులకు క్రొత్తవిద్య కాదు. నగ నమ్మవలసివచ్చినపుడు తూకమెంత, వన్నె యెట్టిది, రాళ్లబరువు పోగా మిగులున దెంత యని విచారింపక మన మెవ్వరమును చేయి దాటనీయము. ఆ విచారణయే పాత స్టీలుగిటారు భాగములకును అవసరమని మాకు క్రిందటి వేసవిలో తెలిసినది. సోదరీమణులకు పనికివచ్చునని యిచట వ్రాయుచున్నాము.

స్టీలుగిటారు హవాయి దీవులలో పుట్టినది. 19వ శతాబ్దాంతమున జోసెఫ్ కెకుకు అను నాతడు తీగలపై ఉక్కుకడ్డీని జార్చి వాయించు పద్ధతిని వ్యాప్తికి దెచ్చెను. మన గోటువాద్యముపై కొయ్యదిమ్మె జార్చుట చూచినవారి కిది సుబోధము. 1932లో అమెరికాలో జార్జి బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు దీనిని విద్యుద్వాద్యముగా అమ్మకమునకు దెచ్చిరి. గుండ్రని యొడలును పొడవైన కాడయు నుండుటచే జనులు దానికి 'వేపుడు పెనము' అని పేరిడిరి.

దాని ప్రాణమంతయు పికప్పులో నున్నది. గుఱ్ఱపులాడము వంటి రెండయస్కాంతములు తీగల మీదుగా వంగి వానిని చుట్టియుండును. తీగల క్రింద వెండ్రుకవలె సన్నని రాగితీగచుట్ట యుండును. ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము చలించి చుట్టలో విద్యుత్తు పుట్టును. అదియే వేఱొక యంత్రమున హెచ్చి ధ్వనియగును.

హవాయి గిటారునకు కలకత్తాలో గొప్ప ఆదరణ కలిగినది. ఖరగ్‌పూరు రైలు కర్మాగారమున పనిచేసిన పెక్కుమంది తెలుగువారిలో మావారి తాతగారొకరు. ఆయన కలకత్తాలో పాతదిగా కొన్న రికెన్‌బాకర్ గిటారు మాయింటి అటకపై నుండెను. వర్షములకు ముందే పెంకుటింటి కప్పు బాగుచేయింపవలసివచ్చి, దాని నమ్మదలచితిమి.

వచ్చిన వర్తకుడు, "లోపలి చుట్ట తెగినదమ్మా, ఇది మ్రోగదు. పికప్పు విప్పి యిండు, పాతయినుము క్రింద ఏదో యిచ్చెదను" అనెను. మావారు మావంక చూచి, "నీకేమి తోచుచున్నది?" అని యడిగిరి. "పాతయినుమే యైనచో పికప్పునే యేల కోరుచున్నాడు? పరీక్షింపక యీయరాదు" అంటిమి.

రేడియోలు బాగుచేయు నొకరు మల్టీమీటరుతో చూచిరి. చుట్ట చెడలేదు, వెలుపలి తీగ అతుకు మాత్రము ఊడినది. దాని నతికి, రేడియోపెట్టెకు తగిలింపగనే గిటారు పలికినది. మా మామగారు తండ్రి కడ్డీని చేతబట్టి, చాలసేపు ఒక్క తీగనే మీటుచు గూర్చుండిరి. పిమ్మట, "అమ్మిన నమ్ముడు గాని, విప్పకుడు" అనిరి.

వెల తెలిసికొనుటకు మేము విచారించిన సంగతు లివి. తెగిన చుట్టను మరల చుట్టించిన చక్కగా పలుకవచ్చును. కాని తొలిచుట్ట చెడక యున్నదానికే కొనువారు హెచ్చు వెల నిత్తురు. అయస్కాంతము నీరసించిన ధ్వని తగ్గును, దానికి బలము మరల నెక్కింపవచ్చును. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందరి లాడములు ఒకటిన్నర అంగుళము వెడల్పు, తరువాతివి ఒకటింబావు. ముందరివానికి గిరాకి యెక్కువ. మాది ఒకటింబావే. మరలు, బొత్తాములు తొలివా, మార్చినవా యనియు చూడవలెను. ఒక్క భాగము వయస్సునుబట్టి మొత్తము వాద్యము వయస్సు నిశ్చయింపరాదు.

భాగములు విప్పి వేర్వేఱుగా అమ్మిన ఒక్కొక్కపుడు ధనము హెచ్చుగా వచ్చునట. పికప్పు పోయిన గిటారు గలవారికి విడిభాగము వరమే. అయినను పలుకుచున్నదానిని మూగచేసి పదిరూపాయ లెక్కువ గడించుటకు మాకు మనసొప్పలేదు. ఒక బొత్తాము మార్చినదనియు, అతుకు క్రొత్తదనియు ముందుగనే తెలిపి, కలకత్తాలో వాయించువా రొకరికి గిటారును పూర్తిగా అమ్మితిమి. వర్తకుడు చెప్పినదానికంటె మిక్కిలి హెచ్చు వచ్చినది. కప్పుపని తొలకరికి ముందే ముగిసినది.

అటకలపై గిటారు లేకున్న కుట్టుయంత్రమో, గ్రామఫోనో యుండవచ్చును. "ఇది పనికిరాదు" అని కొనవచ్చినవాడే చెప్పినచో, ఆ మాటను మఱొకరిచేత పరీక్ష చేయింపుడు. పరీక్షకు ముందు ఒక్క మరనైనను విప్పనీయకుడు.