వేలంవెర్రి

చాలా ఏళ్ళ కిందట మార్చిలో ఒక రాత్రి, ఆఫీసు కాన్ఫరెన్స్ కాల్ మ్యూట్‌లో పెట్టి, ఆన్‌లైన్ వేలంలో ఒక పాత పుస్తకం మీద 187 డాలర్ల 50 సెంట్లు తగలేశాను. పాట మొదలైన ధర 9 డాలర్ల 99 సెంట్లు. మధ్యలో ఏం జరిగిందో చెప్పుకుంటే నాకు కాస్త బరువు దిగుతుంది. చదివినవాళ్ళలో ఎవరికైనా నాలుగు డాలర్లు మిగిలితే అదీ మంచిదే.

పుస్తకం బ్రౌణ్య నిఘంటువు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మొదట 1852లో వచ్చింది. దాన్ని కందుకూరి వీరేశలింగం గారూ మరో ఇద్దరూ సవరించిన కూర్పు 1903లో మద్రాసులో అచ్చయింది. నాక్కావలసింది ఆ 1903 ప్రతి.

ఎందుకంటే మా తాతయ్య దగ్గర ఉండేది అదే. మాది దివిసీమ. తాతయ్య బడిపంతులు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకి నాకు ఏడాది కూడా నిండలేదట. ఇంట్లోవాళ్ళు పక్కవాళ్ళ డాబా ఎక్కి బతికారు. తాతయ్య పుస్తకాల పెట్టె మాత్రం నీళ్ళలో పోయింది. ఈ సంగతి నాకు ఇంటర్మీడియట్‌లో గానీ తెలియలేదు. ఒక పద్యంలో ఏదో మాటకి అర్థం అడిగితే నాన్న, "మా నాన్న బ్రౌణ్యం ఉండుంటే చూసి చెప్పేవాణ్ణిరా" అన్నారు. అంతకు ముందెప్పుడూ చెప్పలేదేమని అడిగితే, "మనుషులు పోయిన ఊళ్ళో పుస్తకం పోయిందని ఎవరికి చెప్పుకుంటాం?" అని పేపరు మడిచి లేచిపోయారు.

ఆ ఏడాది నాన్న షష్టిపూర్తి. బ్రౌణ్యం కొనిద్దామని బుద్ధి పుట్టింది.

మొదటిసారి మోసపోలేదు, తెలివితక్కువతనంతో పోయాను. "1903, అరుదైనది" అని పెట్టి, ఫొటోలో తోలు అట్ట పుస్తకం చూపించారు. 38 డాలర్లు, పోస్టేజి 12. పది రోజుల్లో వచ్చింది. విప్పి చూస్తే తళతళలాడే కొత్త పేపర్‌బ్యాక్! ఎవరో స్కాన్ చేసిన పేజీల్ని మళ్ళీ అచ్చేసి బైండు చేశారు. ఒత్తులు సగం ఎగిరిపోయాయి. ఒక పేజీలో స్కాన్ చేసినవాడి బొటనవేలు కూడా ఉంది. అమ్మినాయనకి కోపంగా మెయిలు రాస్తే, వివరాల్లో అడుగున చూసుకోమన్నాడు. నిజమే. "రీప్రింట్, ఫొటో నమూనా మాత్రమే" అని చిన్నక్షరాల్లో ఉంది. కాపీరైటు తీరిపోయిన పుస్తకాలన్నిటితోనూ ఈ వ్యాపారం నడుస్తుంది. తేదీ పుస్తకానిది, కాగితం నిన్నటిది.

అప్పట్నుంచీ ఒక అలవాటు చేసుకున్నాను. కొనేముందు అమ్మేవాళ్ళకి ఒక ప్రశ్న రాస్తాను: టైటిల్ పేజీ, దాని వెనక పేజీ, చివరి పేజీ, వీపు ఫొటోలు పెడతారా అని. వస్తువు చేతిలో ఉన్నవాడికి అది ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు లేవన్నవాడి దగ్గర మనం కొనక్కర్లేదు. "పరీక్షించలేదు", "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసి ఉంటే పనిచెయ్యదనే అనుకోవాలి. ఈబే చరిత్రలోనే ఈ నీతి ఉంది. 1995లో పియర్ ఒమిడ్యార్ ఆ సైటు పెట్టినప్పుడు మొదట అమ్ముడుపోయినది ఒక పాడైన లేజర్ పాయింటర్, 14 డాలర్ల 83 సెంట్లకి. అది పాడైందని తెలుసా అని ఆయనే అడిగితే, పాడైనవే పోగుచేస్తుంటానని కొన్నాయన చెప్పాడట. వివరాలు చదివి కొన్న మనిషి!

రెండో పుస్తకం అలా కాదు. అసలుది. ఒక యూనివర్సిటీ లైబ్రరీ వదిలించుకున్న ప్రతి. మన పుస్తకాలు అమెరికా లైబ్రరీల్లో కనిపించడానికి ఒక ముఖ్య కారణం గోధుమలు. పి.ఎల్. 480 కింద మనం గోధుమలు కొని రూపాయల్లో డబ్బు కడితే, 1962 నుంచి ఆ రూపాయల్లో కొంత పెట్టి ఇక్కడి లైబ్రరీల కోసం భారతీయ భాషల పుస్తకాలు కొన్నారు. ఆ అల్మరాల్లో చేరిన తెలుగు పుస్తకాల్లో కొన్నిటికి ఇప్పుడు చోటు చాలక "విత్‌డ్రాన్" ముద్ర పడుతోంది. నేను చూసిన ప్రతి మీద కూడా ఆ ముద్ర ఉంది. పైగా అమ్మేవాళ్ళు తెలుగుని "టెలెగు" అని రాశారు. స్పెల్లింగు తప్పు రాసినవి ఎక్కువమంది కంట పడవు. వెతికేటప్పుడు తప్పులు కూడా కొట్టి చూడాలి. నాకు దొరికింది అలాగే. ఇంకెవడికీ కనపడదని సంబరపడ్డాను.

నా లెక్క 60 డాలర్లు. కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించాను కూడా.

ఈ సైట్ల పద్ధతి తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. మీ గరిష్ఠం 60 అని పెడితే సైటు దాన్ని ఎవరికీ చెప్పదు. మీ తరఫున అవసరమైనంతే పాడుతుంది. అవతలివాడు 45 దగ్గర ఆగిపోతే మీకు 46కే వస్తుంది. అంటే ధర నిర్ణయించేది గెలిచినవాడు కాదు, ఓడిన రెండోవాడు. దాదాపు ఇదే ఏర్పాటు గురించి విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో ఒక వ్యాసం రాశాడు. 1996లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఆయన తేల్చింది మన అమ్మమ్మలకి కూడా అర్థమయ్యే విషయం: రెండోవాడి ధరే కట్టాల్సినప్పుడు, నీ మనసులోని అసలు ధర ఒక్కసారి చెప్పి ఊరుకోవడమే నీకు లాభం.

ఒక్కసారి చెప్పి ఊరుకోవడం. అదే నావల్ల కాలేదు.

ఇంకా పది నిమిషాలుందనగా ఎవరో నా అరవైని దాటేశారు. "మిమ్మల్ని దాటారు" అని ఎర్రక్షరాలు. 70 పెట్టాను. దాటారు. 85. దాటారు. పేరు కనపడదు, రెండక్షరాలూ మధ్యలో చుక్కలూ. ఎవడో పుస్తకాల వ్యాపారి అయ్యుంటాడు, మా తాతయ్య పుస్తకాన్ని పట్టుకుపోదామని చూస్తున్నాడు అనుకున్నాను. అప్పటికి అది మా తాతయ్య పుస్తకమే అయిపోయింది చూడండి! చేతులు చల్లబడ్డాయి. కాల్‌లో మేనేజరు నా పేరు రెండుసార్లు పిలిచాడట. చివరి అరనిమిషంలో 250 కొట్టేశాను. 187.50 దగ్గర పాట ఆగింది. గెలిచాను.

వెనకనించి మా ఆవిడ, "కాగితం మీద అరవై అనుంది కదండీ" అంది.

వేలం అన్న మాట పోర్చుగీసువాళ్ళ నుంచి వచ్చిందంటారు. దానికి వెర్రి తగిలించింది మాత్రం మనమే. బాలాపూర్ గణపతి లడ్డు 1994లో 450 రూపాయలకి పోయింది, ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. అక్కడ పాడేవాళ్ళకి కనీసం ఊరంతా చూస్తుంటుంది. నేను పైజమాలో, చీకట్లో, ఒక్కణ్ణే పాడాను. 1971లో ఒక చమురు కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజనీర్లు గల్ఫ్ ఆఫ్ మెక్సికో వేలాల గురించి రాస్తూ, పాటలో గెలిచేది చాలాసార్లు అంచనా అందరికంటే పైకి తప్పినవాడేనని తేల్చారు. దానికి గెలిచినవాడి శాపం అని పేరు. నేనూ ఇంజనీర్నే. చదువు ఎందుకూ పనికిరాలేదు.

ఆ దెబ్బతో నేర్చుకున్నవి ఇవి. ధర ముందే అనుకుని, పోస్టేజి కలిపి లెక్కేసి (99 సెంట్ల వస్తువుకి 25 డాలర్ల పోస్టేజి పెట్టేవాళ్ళున్నారు), ఒక్కసారే పెట్టాలి. అదీ చివరి నిమిషంలో పెడితే అవతలివాడికి వేడెక్కే సమయం ఉండదు. మనకీ ఉండదు. అమ్మేవాళ్ళ ఫీడ్‌బ్యాక్ శాతం చూసి ఊరుకోకుండా, ఏం అమ్మితే ఆ మార్కులొచ్చాయో చూడాలి. డాలరు వస్తువులు రెండొందలు అమ్మినవాడు హఠాత్తుగా లాప్‌టాప్ అమ్ముతుంటే ఆగాలి. 2008 నుంచి ఈబేలో అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళకి నెగటివ్ ఇవ్వడానికి లేదు, కాబట్టి ఉన్నమాట రాయడానికి భయపడక్కర్లేదు. ఓడిపోయాక "గెలిచినవాడు డబ్బు కట్టలేదు, మీకే ఇస్తాను, వెస్టర్న్ యూనియన్‌లో పంపండి" అని విడిగా మెయిలొస్తే అది దొంగ మెయిలు. నిజమైన రెండో అవకాశం సైటులోని మెసేజీల్లోనే కనిపిస్తుంది. క్రెడిట్ కార్డుతో కడితే 1974 నాటి చట్టం మీ వెనక ఉంటుంది. చెప్పిన వస్తువు రాకపోతే, స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకి రాయాలి. అలా పంపిన నగదుకి ఏ చట్టమూ ఇంత అండగా రాదు.

తర్వాత నెలలో ఇక్కడ డాలస్‌లో ఒక సాహిత్య సమావేశానికి వెళ్ళాను. టీ దగ్గర ఒక పెద్దాయన, డెబ్భై దాటిన మనిషి, పక్కాయనతో అంటున్నారు: "మొన్న ఒక బ్రౌణ్యం చేతిదాకా వచ్చి పోయిందండీ. 185 అనుకున్నాను, అక్కడే ఆగాను. ఎవరో పుణ్యాత్ముడు రెండున్నర డాలర్ల తేడాతో పట్టుకుపోయాడు."

టీ గొంతులో అడ్డంపడింది. ఆ క్షణాన చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి రెండు రోజులు మథనపడి, నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "ఆ పుణ్యాత్ముణ్ణి నేనేనండీ" అన్నాను. కాసేపు నిశ్శబ్దం, తర్వాత పెద్ద నవ్వు. "భలేవాడివయ్యా! మనమిద్దరం ముందే ఒక మాట అనుకునుంటే అది పది డాలర్ల పుస్తకం కదా!" అన్నారు. ఎవరికోసమని అడిగారు. నాన్న గురించి, ఉప్పెన గురించి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "అయితే సరైన చోటికే వెళ్ళింది నాయనా. నాదేముంది, షికాగో యూనివర్సిటీవాళ్ళు అదే 1903 కూర్పుని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారుగా, అక్షరం పెద్దది చేసుకుని చదువుకుంటాను" అన్నారు.

జూన్‌లో ఇండియా వెళ్ళాను. పుస్తకాన్ని హ్యాండ్ లగేజిలోనే పెట్టుకున్నాను. షష్టిపూర్తి హడావుడి అయ్యాక, సాయంత్రం వరండాలో నాన్న చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ తిప్పి, లోపలి అట్టమీద ఏదో వెతికారు. అక్కడ లైబ్రరీ ముద్ర తప్ప ఏమీ లేదు.

"ఇక్కడ మా నాన్న సంతకం ఉండేది" అన్నారు.

నాకేమనాలో తెలియలేదు. ఆయన ఇంకో రెండు పేజీలు తిప్పి, నావైపు చూసి, "ఎంతరా?" అన్నారు.

"ఇరవై డాలర్లు నాన్నా."

మనసులో హెచ్చవేసుకున్నారు. "అంటే తొమ్మిది వందల పైనా? పాత పుస్తకానికి? వేలంవెర్రి కాకపోతే!" అని, పుస్తకాన్ని ఒళ్ళోంచి దించకుండానే అమ్మని టీ పెట్టమన్నారు.